లంఖణం పరమౌషధం కాదు, పాయసమూ పథ్యమే

గత నెలలో మా వీధిలోని ఒక ఇంటివారు నన్ను పిలిపించారు. పెద్ద కుమారునికి క్షయ. మందులు ఆరంభించి ఐదు వారాలైంది. బరువు 44 కిలోలు. "అన్నం చూస్తేనే వికారమంటున్నాడు డాక్టరుగారూ! అందుకే మూడు పూటలా సగ్గుబియ్యం జావే ఇస్తున్నాం" అన్నది తల్లి. ఆమె ప్రేమను నేను శంకించను. ఆమెకు ఆ జావను పథ్యంగా నేర్పిన ఆచారాన్ని మాత్రం తప్పక శంకిస్తాను.

"లంఖణం పరమౌషధం" అన్న సామెత ఒక పూట అజీర్ణానికి చెల్లుతుందేమో! కనీసం ఆరు నెలలు మందులు మింగవలసిన రోగికి అది శాపం. సగ్గుబియ్యం అంటే దాదాపు పూర్తిగా పిండిపదార్థమే. 100 గ్రాములలో ఒక్క గ్రాము మాంసకృత్తులైనా ఉండవు. క్షయ రోగికి రోజుకు కిలో బరువుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అంటే ఈ యువకునికి 53 నుండి 66 గ్రాములు. జావతో అతని కడుపు నిండుతున్నది, కండ కరుగుతున్నది.

ఇది చిన్న విషయం కాదు. ఝార్ఖండ్‌లో క్షయ రోగులకు పోషకాహారం అందించి చేసిన 'రేషన్స్' అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. తొలి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణాపాయం 61 శాతం తక్కువగా కనిపించింది. మాత్ర ఎంత ముఖ్యమో ముద్ద కూడా అంత ముఖ్యమని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పాలి?

"తినలేనివానికి ఏం పెట్టగలం?" అని అడుగుతారు. వికారమున్న మనిషికి పళ్ళెం నిండా అన్నం, పోపు వాసన, కూర ఘాటు భయం పుట్టిస్తాయి. అదే మనిషి చల్లారిన, మెత్తని, కొద్దిపాటి తీపిని నాలుగు చెంచాలు తినగలడు. చల్లారిన పదార్థానికి వాసన తక్కువ, నమిలే శ్రమ ఉండదు. కనుక మాంసకృత్తులను ఆ నాలుగు చెంచాలలోనే దాచాలి.

గుడ్డు జున్ను: ఒక గ్లాసు చల్లని పాలలో రెండు గుడ్లు, రెండు చెంచాల పంచదార, యాలకుల పొడి, చిటికెడు మిరియాల పొడి వేసి గిలకొట్టి, గిన్నెలో పోసి, ఇడ్లీ పాత్రలో పూర్తిగా గట్టిపడేదాకా ఆవిరిపై ఉడికించండి. సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు.

పెసరపప్పు పాయసం: 30 గ్రాముల పప్పును దోరగా వేయించి, మెత్తగా ఉడికించి మెదపండి. గ్లాసు పాలు, రెండు పెద్ద చెంచాల పాలపొడి కలిపి మరగనివ్వండి. దించి, కొంత చల్లారాక బెల్లం కలపండి. సుమారు 17 గ్రాములు.

ఒక్కొక్కదానిని రెండు మూడు విడతలుగా పెడితే, రోజు అవసరంలో సగానికి తగ్గకుండా అందుతుంది.

ఇక అభ్యంతరాలు. "గుడ్డు వేడి చేస్తుంది, పెరుగు కఫం పెంచుతుంది, తీపి రోగికి చేటు." నా వృత్తి జీవితమంతా విన్న మాటలివి. వీటిని నమ్మి గుడ్డు, పెరుగు మానిన రోగులు చిక్కిపోవడం చూశాను. తిన్నందువల్ల క్షయ ముదిరినవారిని ఒక్కరినీ చూడలేదు. మరోవైపు ప్రకటనలు చూసి ఖరీదైన ప్రోటీన్ పొడి డబ్బాలు కొనేవారున్నారు. డబ్బా కొన్నందుకు గుడ్లు మానేసిన ఇళ్ళనూ చూశాను. ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్సాకాలంలో నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1000 చేసింది. అది గుడ్లకూ, పాలకూ, పప్పుకూ వెళ్ళాలి, డబ్బాలకు కాదు.

మా వైద్యులనూ వదలను, అందులో నేనూ ఒకణ్ణి. ఏళ్ళ తరబడి చీటీపై "బలమైన ఆహారం తినాలి" అని వ్రాసి చేతులు దులుపుకున్నాను. ఏది, ఎంత, ఎలా వండాలో చెప్పని సలహా సలహాయే కాదు.

కొన్ని హెచ్చరికలు తప్పవు. ఆకలి పూర్తిగా చచ్చిపోయి, వాంతులతో పాటు కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఏ పాయసమూ మందు కాదు. అది కాలేయం దెబ్బతింటున్న సూచన కావచ్చు, అదే రోజు వైద్యుని వద్దకు వెళ్ళండి. మధుమేహమున్నవారు తీపి బాగా తగ్గించాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసకృత్తుల మోతాదు వైద్యుని అడగాలి. మాత్రకూ ఆహారానికీ మధ్య ఎంత వ్యవధి ఉండాలో కూడా అడిగి తెలుసుకోండి.

ఆ తల్లి మరునాడే జున్ను వండింది. కుమారుడు మొదటి రోజు మూడు చెంచాలే తిన్నాడట. మూడు చెంచాలే కావచ్చు, గిన్నెడు జావ ఇవ్వలేనిది అవి ఇచ్చాయి. రోగికి పథ్యమంటే నోరు కట్టివేయడం కాదు, అతడు తినగలిగే రూపంలో బలాన్ని అందించడం.