కట్టినోళ్ల పేరు వాడకి, కాగితం ఎవరికి?

బొంబాయిలో కామాటిపుర అనగానే పెద్దమనుషులు ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఆ పేరు కూలోళ్ల పేరని మాత్రం ఒక్కరూ చెప్పరు. కామాటి అంటే మట్టిపని, రాతిపని చేసే కూలి.

1784 నాటికి వర్లీ దగ్గర సముద్రానికి అడ్డంగా కట్ట పడింది. లోపలి బురద పల్లం మెల్లగా పూడింది. నిజాం రాజ్యం నుంచి వలసపోయిన తెలుగు కూలీలు ఆ పల్లంలో గుడిసెలేసుకున్నారు. రకరకాల కులాలోళ్లు. అందరూ రెక్కలనే నమ్ముకున్నోళ్లు. రాళ్లు మోశారు, సున్నం కలిపారు. నగరం లేచింది, వాళ్లు పల్లంలోనే ఉండిపోయారు.

మరి చెడ్డపేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? తెల్ల దొరల పాలన నుంచి. 1868లో వాళ్లు తెచ్చిన చట్టం సిపాయిల్ని కాపాడ్డానికి ఆడవాళ్ల పేర్లు రాయించింది, వైద్య పరీక్షలకి ఈడ్చింది. వచ్చిన మగవాణ్ణి ఏమీ అడగలేదు. ఆ తర్వాత మన పల్లెల జోగినీ ఆచారం కూడా మాల మాదిగ ఆడపిల్లల్ని ఆ గల్లీల దాకా నెట్టింది. దేవుడి పేరు చెప్పి పిల్లని ఊరుమ్మడి చేసినోళ్లకి సిగ్గు లేదు. సిగ్గంతా ఆ పిల్లకీ, ఆ వాడకీ అంటగట్టారు.

1936 జూన్ 16న పరేల్ దామోదర్ హాల్లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆ వాడ ఆడవాళ్లతోనే మాట్లాడారు. ఆ బతుకు వదలమన్నారు. మంచి మాటే. కానీ వదిలి వచ్చిన మనిషికి కాలు పెట్టుకునే చోటు కావాలి గదా? మేమడిగేది అదే.

ఇప్పుడు ఆ పల్లం బంగారమైంది. సుమారు 34 ఎకరాల్లో పాత ఇళ్లు పడగొట్టి కొత్త భవనాలు కట్టడానికి మహారాష్ట్ర ప్రభుత్వ గృహసంస్థ 2025లో టెండర్లు పిలిచింది. కూలే ఇళ్లలో ఎవరూ చావకూడదు, కొత్త ఇళ్లు రావాల్సిందే. స్థలం యజమానికి కాగితముంది. కిరాయిదారుకి రసీదుంది. మంచం చోటు అద్దెకి తీసుకుని బతికే ఆడమనిషికేముంది? ఆమెని కూడా లెక్కలో రాయాలి.

సంఘం కార్యకర్తలారా! బొంబాయి పోయినోళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల ఇళ్లకి పోండి. పాత రసీదు, రేషన్ కార్డు, ఉత్తరం ఏదున్నా భద్రం చేయించండి. ముసలోళ్లు చెప్పింది రాసి పెట్టండి. పేరొక్కటే మిగిలితే లాభం లేదు, చోటు కూడా మిగలాలి.