బీమా ఏజంటు కలమునకు ధర్మమేది?

వడ్లు కొనువాడు గింజను అరచేతిలో పోసికొని చూచును. చీర కొను ఇల్లాలు అంచు విప్పి చూచును. బీమా కొనువానికి చూచుటకేమున్నది? ఒక కాగితమును, ఒక మనుష్యుని మాటయును. ఆ కాగితము చాలమందికి చదువ శక్యము కాదు. కావున వారు కొనునది ఆ మనుష్యుని మాటనే. తక్కిన అంగళ్లలో అబద్ధము సరకులో కలిసిన కల్తీ. ఈ అంగడిలో మాట అబద్ధమైనచో సరకే లేదు. అందుచేత బీమా ఏజంటుల నీతి వర్తకులకు విడిచిపెట్టదగిన చర్చ కాదనియు, ప్రతి గృహస్థుడును పట్టించుకొనదగినదనియు మా యభిప్రాయము.

ఖమ్మము మొదలు కొత్తగూడెము, మణుగూరుల మీదుగా గోదావరి దాటి భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల వరకు గల అడవి యంచున ఏజంటు పరాయివాడు కాడు. ‘బావా’ యనియు, ‘పెద్దమ్మా’ యనియు పిలుచుచు వాకిట కూర్చుండును. సింగరేణి గనులలో పనిచేసి విరమించిన కార్మికుని గ్రాట్యుటీ బ్యాంకులో పడిన వార్తయు, ప్రత్తి యమ్మిన రైతు చేత నాలుగు రూకలాడుచున్న వార్తయు అతనికి ముందుగా తెలియును. ఆ చనువు దోషము కాదు. ఊరి మనుష్యుడు బీమాను గడపకు తెచ్చుట మేలే. ఆ చనువును పెట్టుబడిగా పెట్టి ముసలివారి తెలియమిని లాభముగా తీసికొనుటయే దోషము.

ఆరోగ్యబీమా దరఖాస్తులో ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు: చక్కెరవ్యాధి, రక్తపుపోటు, గుండెజబ్బు మున్నగునవి మీకున్నవా? చర్ల చెంత నొక గూడెమున అరువదియైదేండ్ల కోయ వృద్ధురాలున్నదనుకొందము. ఆమె కొన్నేండ్లుగా చక్కెరవ్యాధికి మాత్రలు మ్రింగుచున్నది. ఏజంటు ఆమె నడుగడు. అడిగినచో ‘ఉన్నది’ అనును. ఉన్నదన్నచో ప్రీమియము పెరుగును, వైద్యపరీక్ష వచ్చును, ఒకవేళ దరఖాస్తే తిరిగి వచ్చును. కావున వరుసగా ‘లేదు, లేదు, లేదు’ అని తానే నింపి క్రింద ఆమె వ్రేలిముద్ర వేయించుకొనును. ఆమె చదువలేని ఆ కాగితమే ఆమె చేసిన ప్రమాణమగుచున్నది. రెండేండ్లకు కాలిపుండుతో ఆసుపత్రిలో చేరినప్పుడు కంపెనీవారు పాత మందుచీటీలు తెప్పించి చూచి, ‘నీవు నిజము దాచితివి’ అని సొమ్ము నిరాకరింతురు. దాచినదెవరు? వ్రాసినదెవరు? దండన యెవరికి?

ఈ యబద్ధము అవసరమైనను కాదు. బీమా నియంత్రణసంస్థ 2024లో చేసిన నిబంధనల ప్రకారము, ముందే చెప్పుకొన్న వ్యాధికి కంపెనీ విధించు నిరీక్షణకాలము 36 నెలలకు మించరాదు. దాచిన వ్యాధి విషయమున నన్ననో, 60 నెలలు నిండువరకు కంపెనీ పాలసీని ప్రశ్నింపవచ్చును. మోసము రుజువైనచో ఆ పిమ్మటను విడువదు. నిజము చెప్పినవారు కొంతకాలము వేచియుండవలెను, లేదా కొంత హెచ్చుగా కట్టవలెను. కంపెనీ కాదన్నచో సొమ్మైనను చేతనుండును. అబద్ధము వ్రాయించుకొన్నవారికి కట్టినదంతయు నీటిపాలు. ఈ లెక్క ఏజంటునకు తెలియును, వృద్ధురాలికి తెలియదు. తెలిసినవాడు తెలియనివారి పక్షమున అబద్ధము వ్రాయుట సహాయమెట్లగును?

రెండవ దోషము, ఉన్న రక్షణను మరుగుపరచుట. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో కుటుంబమునకు ఏటా 10 లక్షల రూపాయలకు పెంచినది. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయభేదము లేకుండ 5 లక్షల వైద్యరక్షణను కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రారంభించినది. ఇక ఈ ప్రాంతమున సరిహద్దు చిక్కొకటి కలదు. పోలవరము ప్రాజెక్టు కారణముగా 2014లో ఇచ్చటి మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున చేరినవి. భద్రాచలము పట్టణము తెలంగాణముననే నిలిచినది. పట్టణమునకు చేరువనున్న ఎటపాక వేరొక రాష్ట్రము. అన్న పట్టణమునను తమ్ముడు ఎటపాకలోను కాపురమున్నచో, ఒకనిది ఆరోగ్యశ్రీ, రెండవవానిది ఎన్.టి.ఆర్. వైద్యసేవ. ఏ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లునో విడమరచి చెప్పుట ఏజంటు ప్రథమధర్మము. ధర్మము తప్పినవాడు చెప్పునదేమి? ‘సర్కారు కార్డు ఎక్కడను పనికిరాదు, నా పాలసీ కట్టుము’ అని!

సర్కారు పథకములకు లోపములు లేవని మేమనము. జాబితాలో చేరని చికిత్సలు కలవు. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు నిలిపిన సందర్భములును కలవు. ఆ లోటును పూరించుకొనుటకు పై పాలసీ యొకటి కొనుట వివేకమే. కాని మొదట లోటెంతయో కొలిచి, అంతకే కొనవలెను. ఇల్లంతయు కారుచున్నదని చెప్పి ఒక్క పెంకు బదులు పైకప్పంతయు అమ్మువానిని మనము మంచి పనివాడందుమా?

ఈ వ్యాధి మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో 65 ఏండ్లు నిండినవారికై 1965లో మెడికేరు అను సర్కారు బీమా శాసనమయ్యెను. అది భరింపని వ్యయములకై అనుబంధ పాలసీలు అమ్ముచు, ఏజంటులు ఒకే వృద్ధునకు ఒకే రక్షణను రెండు మూడు మారులంటగట్టిన యుదాహరణములు పెక్కు వెలువడినవి. తుదకు 1990లో శాసనము చేసి, ఆ పాలసీలను 10 నమూనాలకు కుదించి, ఉన్న రక్షణనే మరల అమ్ముటను నిషేధించిరి. కొనువానికి ఇదివరకే ఏయే బీమాలున్నవో వ్రాతమూలకముగ తీసికొనవలెనని విధించిరి. ధనికదేశమున, చదువుకొన్న వృద్ధులకే ఇంత కాపుదల కావలసి వచ్చినచో, దుమ్ముగూడెము వృద్ధునకు వలదా?

‘మేమును బ్రతుకవలదా? కంపెనీ విధించిన లక్ష్యము మా మెడపై నున్నదిగదా’ అని ఏజంటులందురు. బ్రతుకవలసినదే. శ్రమకు కమీషను న్యాయము. కాని వైద్యరక్షణ యడిగిన వానికి, కమీషను హెచ్చుగా వచ్చునను కారణమున పొదుపు పాలసీ కట్టబెట్టుట శ్రమ కాదు, ద్రోహము. జీవితబీమా మొదటి సంవత్సరపు కమీషను నూటికి 35కు మించరాదని 1938 నాటి చట్టమున చిరకాలము పరిమితి యుండెను; 2023 నుండి మొత్తము ఖర్చుల పరిమితికి లోబడి ఆ లెక్క కంపెనీల పాలకవర్గములకు వదలబడినది. కొనువాడు అడిగినచో కమీషను చెప్పవలెనని 2016 నాటి ఏజంటుల నిబంధనలు విధించినవి. అడుగవచ్చునని తెలియనివాడు ఎట్లడుగును? అడుగకయే చెప్పవలెనని విధించుట న్యాయము.

మేము కోరునవి మూడు. దరఖాస్తు నింపకముందు ప్రతి ప్రశ్నను కొనువాని భాషలో, కోయవారికి కోయభాషలో, చదివి వినిపింపవలెను. వినిపించిన సంగతికి ఏజంటు కాని, అతని బంధువు కాని కాని సాక్షి యుండవలెను. ఉన్న కార్డులు, పథకములు, పాలసీలు దరఖాస్తులోనే వ్రాయింపవలెను. ఏజంటు వ్రాసిన యబద్ధము చేత సొమ్ము నిరాకరింపబడినచో అతని కమీషను తిరిగి రాబట్టి, కట్టిన ప్రీమియము ఆ కుటుంబమునకు చెల్లింపవలెను.

ఇవి శాసనములగు వరకు చదువుకొన్న గృహములవారు చేతులు ముడిచికొని యుండనక్కరలేదు. పాలసీ చేరిన 30 దినములలోపల నచ్చనిచో త్రిప్పి పంపు హక్కు నేడు కలదు. కంపెనీకి వ్రాసినను నెలలోపల న్యాయము దొరకనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మనుకు రుసుము లేకుండ మొరపెట్టుకొనవచ్చును. ఆయన అధికారము తెలంగాణమునకును, ఆంధ్రప్రదేశమునకును చెల్లును. ఈ రెండు సంగతులు తెలిసిన ఇల్లాలు తన ఇంట పనిచేయు మనిషి పాలసీని, పొరుగు ముసలమ్మ పాలసీని ఒక్కసారి అడిగి తీసికొని చదివి చూచుగాక. ‘లేదు’ అని వ్రాసిన చోట ‘నిజముగా లేదా, అమ్మా?’ అని అడుగుగాక. ఏజంటు అడుగవలసియుండి అడుగని ప్రశ్న అది యొక్కటే. దాని నడుగుటకు లైసెన్సు అక్కరలేదు.