ఐర్లండు: నిషేధము నుండి ఆదరణకు

1965వ సంవత్సరమున జాన్ మెక్‌గహర్న్ అను ఐరిష్ రచయిత ‘ది డార్క్’ అను నవలను ప్రచురించెను. ఆయన డబ్లినులో ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుడు. సెన్సారు మండలి ఆ నవలను నిషేధించినది. పిమ్మట ఆయన ఉద్యోగము సైతము పోయినది. అంతకు ఐదేండ్ల ముందు ఎడ్నా ఓబ్రయన్ తొలి నవలకును నిషేధమే బహుమానమైనది. గ్రంథములపై 1929 నాటి చట్టము, చలనచిత్రములపై 1923 నాటి చట్టము ఆ దేశమున కావలి కాయుచుండెను.

అట్టి దేశము నేడు రచయితలకును చలనచిత్ర ప్రియులకును ఆశ్రయమని పేరొందినది. ఈ మార్పు ఎట్లు సంభవించినది? ఇందు మనము గ్రహింపదగినది ఏమి?

తొలి మెట్టు 1969లో పడినది. సృజనాత్మక రచనలపై వచ్చు ఆదాయమునకు ప్రభుత్వము పన్ను మినహాయించినది. మొదట దీనికి హద్దు లేకుండెను. సంపన్నులైన గాయకులును లాభము పొందుటచే 2007 నుండి పరిమితి విధింపబడినది. నేడది సంవత్సరమునకు 50,000 యూరోలు. కాని పన్ను మినహాయింపు ఆదాయము గలవానికే గదా! ఆదాయమే లేనివాని మాటేమి? ఆ ప్రశ్నకు సమాధానముగా 1981లో ‘ఈస్‌దానా’ అను కళాకారుల సంస్థ వెలసినది. సభ్యులలో అవసరమున్న వారికి వార్షిక భృతి లభించును. ఆ యేడే మోనహన్ జిల్లాలో నాటక ప్రయోక్త టైరోన్ గత్రీ మరణానంతరము దేశమునకు వదలిన గృహము రచయితల నివాసమైనది. పగలెల్ల ఎవరి గదిలో వారు వ్రాసికొందురు. రాత్రి భోజనమునకు అందరును ఒక్క బల్ల చుట్టు చేరుదురు.

2022లో మరియొక సాహసము జరిగినది. 2,000 మంది కళాకారులకు వారమునకు 325 యూరోల చొప్పున ప్రభుత్వము భృతి నిచ్చినది. అర్హులను చీటీల పద్ధతిచే ఎన్నుకొనిరి. భృతి పొందినవారు తమ కళకు వెచ్చించు కాలము పెరిగినట్లు పరిశీలనలో తేలినది. 2025 అక్టోబరులో ఈ పథకమును శాశ్వతము చేయుదుమని ప్రభుత్వము ప్రకటించినది. చీటీ రానివానికి ఇది న్యాయమా అని అడుగవచ్చును. నిజమే. కాని యోగ్యతను తూచు అధికారి ఇష్టానిష్టముల కంటె చీటీయే నిష్పక్షపాతమని చెప్పువారును కలరు. మెక్‌గహర్న్ కథ తెలిసినవారు ఆ వాదమును తేలికగా త్రోసిపుచ్చలేరు.

చలనచిత్ర రంగమున చరిత్ర ఇంత నేరుగా సాగలేదు. కార్క్ నగరమున 1956 నుండియు, గాల్వేలో 1989 నుండియు చిత్రోత్సవములు జరుగుచున్నవి. గాల్వేలో కథకులు నిర్మాతలను కలిసికొని తమ కథను వినిపించు ఏర్పాటు కలదు. అయినను ప్రభుత్వ చలనచిత్ర మండలి 1987లో మూతపడినది. 1993లో గాని పునరుద్ధరింపబడలేదు. ఇచ్చిన చేయి వెనుకకు తీసికొనుట ఎంత సులభమో ఇందువలన తెలియుచున్నది. ఆ మండలి సాయముతో ఐరిష్ భాషలో నిర్మితమైన ‘అన్ కాలీన్ క్యూన్’ 2023 ఆస్కారు పోటీలో తుది జాబితాకెక్కినది. ఆ భాషలోని పూర్తి నిడివి కథాచిత్రమునకు అట్టి గౌరవము దక్కుట అదే ప్రథమము. దానికి మూలము క్లేర్ కీగన్ వ్రాసిన చిన్న కథ. రచయితను పోషించిన దేశమునకు చిత్రమును దక్కుననుటకు ఇంతకన్న నిదర్శనమేల?

అయితే అంతయు ప్రభుత్వమే చేసినదని తలంచుట పొరపాటు. కెర్రీ జిల్లాలోని లిస్టోవెల్ చిన్న పట్టణము. అచ్చట 1970ల ఆరంభము నుండి సాగుచున్న రచయితల వారోత్సవమునకు ప్రాణము పోసినవారిలో ఒకరు పానశాల నడపిన నాటకకర్త జాన్ కీన్. మరియొకరు ఆ ఊరి బడిపంతులు బ్రయన్ మెక్‌మహన్. వ్రాయ నేర్వగోరువారికి అచ్చట తరగతులు జరుగును.

ఐర్లండు మనకు బొత్తిగా పరాయిది కాదు. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడై, అధ్యక్షుడై పనిచేసెను. 1919లో రవీంద్రుడు ఆయన అతిథిగా విచ్చేసి, ‘జనగణమన’ను అచ్చటనే ఆంగ్లీకరించెను.

యూరోల భృతి మన చేతిలో లేదు. కాని లిస్టోవెల్ బడిపంతులు చేసిన పని మనకు సాధ్యమే. ఊరి పాఠశాలలో ఏడాదికొక వారము, వ్రాయు పిల్లవానికి వినువారిని సమకూర్చినచో చాలును. రచయితకు తొలి ఆదరణ అదియే. దానిని ఏ ప్రభుత్వమును రద్దు చేయజాలదు.