ఆ 11 టోకెన్లు ఎవరూ దాచుకోలేదు

కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

ఉగాది భోజనాల లెక్కలో 11 టోకెన్లు ఎక్కువ తేలాయి. కౌంటర్‌లో కూర్చున్న చెల్లెమ్మ తనవాళ్లకి ఇచ్చేసిందేమోనని గ్రూపులో ఒకరన్నారు. కంప్యూటర్ పాతదైపోయింది, కొత్తది కొందామని కమిటీలో ఇంకో మాట. రెండూ తప్పే. రికార్డు తెరిచి చూశాకే చెబుతున్నాను: ఆ 11 టోకెన్లూ అప్పటికే టోకెన్ ఇచ్చిన నమోదు నంబర్ల మీదే, అదే సెకనులో, రెండోసారి పడ్డాయి.

మన కుర్రాడు ఆ ప్రోగ్రాంని పైథాన్‌లో, టికింటర్‌తో రాశాడు. కొత్తగా ఎవరైనా పేరు నమోదు చేసుకున్నారా అని అది పది సెకన్లకోసారి నెట్‌లో అడుగుతుంది. అడిగే పనీ, బటన్ నొక్కితే పలికే పనీ ఒకే థ్రెడ్‌కి అప్పజెప్పాడు. చిక్కంతా అక్కడే. జవాబు వచ్చేదాకా విండో బిగుసుకుపోతుంది. హాలు నిండా జనం ఫొటోలు పంపుకుంటుంటే నెట్ నత్తనడక. ఐదు సెకన్లు పలక్కపోతే విండోస్ ‘నాట్ రెస్పాండింగ్’ అనేస్తుంది. ఆలోపు నొక్కిన నొక్కులు మాత్రం ఎక్కడికీ పోవు, వరసలో కూర్చుని, కదలిక రాగానే ఒక్కసారిగా అమలవుతాయి. ఎదురుగా పెద్దాయన నిలబడి “ఏమ్మా, ఇంకా ఎంతసేపు?” అంటుంటే రెండోసారి నొక్కని వాళ్లెవరు?

మన వీధిలో ఏ దర్శినికైనా వెళ్లండి. క్యాష్ దగ్గరి మనిషి డబ్బు తీసుకుని, బిల్లు చింపి ఇచ్చి, తర్వాతివాళ్ల వైపు తిరుగుతాడు. దోసె అయిందా అని పెనం దగ్గరికెళ్లి నిలబడడు. నిలబడితే లైను రోడ్డెక్కుతుంది. మన ప్రోగ్రాం చేసింది అదే.

నెట్‌ని అడిగే పని వేరే థ్రెడ్‌కి ఇవ్వాలి. అది తెచ్చినదాన్ని తనే తెర మీద రాయకూడదు, ఒక క్యూలో పెట్టాలి. తెరని నడిపే థ్రెడ్ ‘ఆఫ్టర్’ వాడి 200 మిల్లీసెకన్లకోసారి ఆ క్యూ చూసుకుంటుంది. ఏమైనా ఉంటే రాసుకుంటుంది, లేకపోతే ఆగకుండా తన పనికి పోతుంది. నెట్‌కి టైమౌట్ పెట్టాలి. ఇంకొకటి, నన్నడిగితే అన్నిటికన్నా ముందు చేయాల్సింది: ఒక నంబరుకి రెండో టోకెన్ అడిగితే ‘ఇచ్చేశాం’ అని ప్రోగ్రామే చెప్పాలి.

పది సెకన్లని నిమిషం చేస్తే పోలేదా అంటారు కొందరు. బిగుసుకుపోవడం తగ్గుతుందంతే, పోదు. పైగా గేటు దగ్గర ఇప్పుడే నమోదు చేసుకున్నవాళ్లు కౌంటర్‌లో కనబడరు. కొత్త కంప్యూటర్ కొన్నా ఎదురుచూపు నెట్ కోసమే, ప్రాసెసర్ ఎంత వేగమున్నా ఏం లాభం?

శనివారం కుర్రాడూ నేనూ కూర్చుని సరిచేస్తాం, ఒక పూట పని. కంప్యూటర్ డబ్బు అప్పటిదాకా ఆపండి. చెల్లెమ్మ మీద మాట ఈ గ్రూపులోనే పడింది, వెనక్కి తీసుకోవడం కూడా ఇక్కడే జరగాలి. వచ్చే ఉగాదికి కౌంటర్‌లో కూర్చోనంటోంది.