మత్తుమందు మీద నింద – మన మీద బాధ్యత

మామిడికోతల కాలంలో మా చింతలపూడి దగ్గరి రైతు ఒకరు మా ఇంటికి వచ్చారు. ఆయనకు గుండె బైపాస్ ఆపరేషను తేదీ ఖరారైంది. ఫోనులో వచ్చిన ఒక సందేశం చూపించారు. గ్యాసు మత్తు ఇస్తే తెల్లరక్తకణాలు నశిస్తాయట, ఇంజెక్షను మత్తే అడగాలట. "డాక్టరుగారూ, ఏ మత్తు అడగమంటారు?" అన్నారు. ఆయన చొక్కా జేబులో బీడీకట్ట కనిపిస్తూనే ఉంది. మూడు నెలల సగటు చక్కెర ఎంతో ఆయనకు తెలియదు.

పాఠకులారా, ఆ సందేశం పూర్తి అబద్ధమైతే నేనింత కలత చెందేవాడిని కాదు. అది అర్ధసత్యం. అందుకే మరింత ప్రమాదకరం.

అందులోని సత్యమెంతో ముందు చెబుతాను. సీవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ వంటి గ్యాసులూ, ప్రొపోఫాల్ వంటి ఇంజెక్షన్లూ, మార్ఫిన్ జాతి మందులూ రోగనిరోధక కణాల పనితీరును ఎంతో కొంత మారుస్తాయి. ప్రయోగశాలలో ఈ మార్పులు ఒక్కో మందుకు ఒక్కో విధంగా కనిపిస్తాయి. ఇది నిజమే.

అయితే గుండె ఆపరేషనులో రోగనిరోధక వ్యవస్థను కుదిపివేసే పెద్ద శక్తులు వేరే ఉన్నాయి. ఛాతీ ఎముకను కోయడం ఒకటి. గుండె–ఊపిరితిత్తుల యంత్రం మరొకటి. రక్తం ప్లాస్టిక్ గొట్టాల గుండా ప్రవహించగానే, పరాయి వస్తువు తగిలిందని న్యూట్రోఫిల్స్ రెచ్చిపోతాయి. వాపును ప్రేరేపించే రసాయనాలు పెరుగుతాయి. లింఫోసైట్ల సంఖ్య కొన్నాళ్లు పడిపోతుంది. ఈ తుపానులో మత్తుమందు వాటా ఎంతో విడదీసి చెప్పడం సులభం కాదు. పైగా చాలా ఆపరేషన్లలో ఇంజెక్షనుతో నిద్రపుచ్చి గ్యాసుతో కొనసాగిస్తారు. రెండూ కలిసే నడుస్తాయి.

సాక్ష్యం గోరంత, తీర్మానం కొండంత అయితే ఏమవుతుందో మన హైదరాబాదు చరిత్రే చెబుతుంది. ఆరవ నిజాం ఆర్థిక సహాయంతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో క్లోరోఫాం కమిషన్లు అక్కడ పనిచేశాయి. రెండవ దానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. వందల జంతువులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫాం శ్వాసనే ఆపుతుంది గాని నేరుగా గుండెను ఆపదని తేల్చారు. బల్లపైనే గుండె ఆగి మరణించిన రోగుల వార్తలు అప్పటికే ఉన్నా, మందు ఇచ్చిన తీరులోనే లోపమన్నారు. తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. హైదరాబాదు శ్రమ చిన్నది కాదు. తీర్మానమే హద్దు దాటింది.

రంగు తిరిగిన ప్రతి కాయా పండు కాదని మామిడి సీమవారికి నేను చెప్పనక్కరలేదు. కార్బైడుతోనూ రంగు వస్తుంది. ప్రయోగశాలలో కణాల లెక్క కాయ రంగు వంటిది. రోగి కోలుకోవడమే రుచి. ఆ రుచి చూసిన పరిశోధన మిరియడ్. 13 దేశాలలోని 36 ఆసుపత్రులలో బైపాస్ చేయించుకొన్న 5,400 మందిని రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి గ్యాసు ఆధారిత మత్తు, మరో వర్గానికి కేవలం ఇంజెక్షను మత్తు ఇచ్చారు. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఏడాదిలోగా మరణించినవారు గ్యాసు వర్గంలో 2.8 శాతం, ఇంజెక్షను వర్గంలో 3.0 శాతం. చెప్పుకోదగిన తేడా లేదు. ఇది మరణాల మాట. ప్రతి ఇన్ఫెక్షనుకూ ఇదే తీర్పని నేననను. కానీ "గ్యాసు ఇస్తే ప్రమాదం, ఇంజెక్షనే రక్ష" అని భయపెట్టడానికి ఆధారం ఎక్కడుంది?

మత్తుమందు ఎంపికకు విలువ లేదనడం లేదు. గుండె బలం, ఊపిరితిత్తుల స్థితి, మత్తు వికటించిన కుటుంబ చరిత్ర – వీటిని బట్టి ఆ ఎంపిక మారుతుంది, మారాలి. అది మత్తు వైద్యుని పని. ఫోను సందేశం పని కాదు.

ఇందులో మా వృత్తి దోషమూ ఉంది. సర్జను పేరు ఊరంతా తెలుస్తుంది. ప్రాణం ఎవరి చేతిలో నిద్రపోతుందో రోగికి తెలియదు. ఆపరేషను ముందురాత్రి హడావుడిగా సంతకం పెట్టించుకొని వెళ్లేవారు ఉన్నారు. సందేహాలకు మేము సమయమివ్వకపోతే పుకార్లు ఇస్తాయి.

కనుక మందు పేరు కాదు, ఇవి అడగండి. మత్తు వైద్యుణ్ణి ముందుగా కలవవచ్చునా? కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇస్తారా? ఆపరేషను తరువాత చక్కెరను ఎలా అదుపు చేస్తారు? మీ వంతుగా వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, దాచకుండా చెప్పండి. పుచ్చిపళ్లకు ముందే వైద్యం చేయించుకోండి. చక్కెరను అదుపులోకి తెచ్చుకోండి. బీడీ, సిగరెట్టు ఈ రోజే మానండి.

ఆ రైతుకు ఇదే చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా కూర్చొని, లేచి వెళ్లేటప్పుడు బీడీకట్ట నా బల్లపై పెట్టి వెళ్లారు. మీ తెల్లరక్తకణాలకు మీరు చేయగలిగిన మేలు అక్కడే మొదలవుతుంది.