చెట్టునీడఁ బ్రార్థన

కళాశాల యావరణములో నారుబయట ప్రార్థన జరుపుకొందుమన్నచో మతకలహము వచ్చునని యధికారులు జంకుట కలదు. ఈ జంకునకు శాంతినికేతనమే ప్రత్యుత్తరము. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు ధ్యానమునకుఁ గూర్చుండినది ఏడాకులపొన్న నీడను. 1888 నాటి యాయన ట్రస్టు దస్తావేజు అచ్చట విగ్రహపూజ వలదన్నది. ఏ మతమును నిందింపరాదనియు శాసించినది. మొదటి నియమము కొందఱకు రుచింపకపోవచ్చును. రెండవది యందఱకును గావలసినదే. 1901లో రవీంద్రుఁడు పాఠశాల నెలకొల్పినది యా నేలమీఁదనే.

ప్రభుత్వపు గుర్తింపో సహాయమో పొందిన విద్యాలయమున సమ్మతి లేనిదే యెవ్వరును మతారాధనమునకు హాజరు కానక్కఱలేదని రాజ్యాంగపు 28వ అధికరణము చెప్పుచున్నది. హాజరుపట్టీతో జరుగునది కవాతు గాని ప్రార్థన గాదు. చెట్టుక్రిందనైనచో దూరముగఁ గూర్చుండవచ్చును, నడుమ లేచిపోవచ్చును, అడుగువాఁడు లేఁడు.

అసలు మాట వేఱు. 2022లో మన దేశమున 13 వేలకు పైబడిన విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. వీరికి ఉపదేశము కొఱఁతయా? తెల్లవారినది మొదలు ఉపదేశమే! ప్రక్కన గూర్చుండి వినువారే కఱవు. కావున ప్రార్థన ముగియఁగనే చాప చుట్టుకొని పోవువారు మాకక్కఱలేదు. మఱి యొక గంట యచ్చటనే యుండవలెను. వచ్చినవాని మత మడుగరాదు, తమ మతమునకు రమ్మనరాదు. ప్రాణముపై విరక్తి మాటలు వినఁబడినచో వైద్యుని యొద్దకుఁ దోడు వెళ్లవలెను. ఇందులకు కళాశాలవారు వెచ్చింపవలసిన ధనమేమియు లేదు. ఒక చెట్టునీడ, ఒక సాయంకాలము. ఇత్తురా?