ఫ్లోరైడు నీరు – మన కర్తవ్యము

నీరు తేటగా కనుపించినంత మాత్రమున త్రాగదగినది కాజాలదు. ఈ చిన్న సత్యమును సకాలమున గ్రహింపకపోవుటచేత మన తెలుగు సీమలో ఎన్నియో గ్రామముల ప్రజలు నడుములు వంగి, మోకాళ్లు బిగిసి, నడివయస్సుననే వార్ధక్యము ననుభవించిరి. మన పెద్దలు బురదనీటిని చిల్లగింజతోను పటికతోను తేర్చుకొనెడి నేర్పు గలవారు. కాని ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీటిని కాచినచో కలరా క్రిములు నశించునే కాని ఫ్లోరైడు తొలగదు. నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో దాని పాలు హెచ్చును. దీనిని పట్టగలది రసాయన పరీక్ష యొక్కటియే.

ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. నాటి చెన్న రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు ఎముకలను పట్టు ఫ్లోరైడు వ్యాధిని షార్టు మున్నగు వైద్యులు 1937లోనే వర్ణించి ప్రకటించిరి. అటుపిమ్మట నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడివడినది. దీనికి మూలము భూగర్భమున నున్నది. గ్రానైటు శిలలలోని కొన్ని ఖనిజములందు ఫ్లోరైడు కలదు. సున్నపు పాలు తక్కువయై, క్షారగుణము హెచ్చుగా గల నీరు ఆ శిలలలో చిరకాలము నిలిచినచో దానిని కరగించుకొనును. అట్టి నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లకు గారపట్టును. పిదప వెన్నెముకయు కీళ్లును బిగియును. లీటరు నీటికి 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరు గతి లేనియెడల 1.5 మిల్లీగ్రాములకు మించరాదనియు భారత ప్రమాణములు శాసించుచున్నవి. ముదిరిన వ్యాధికి ఔషధము లేదు. నివారణమే చికిత్స.

ఈ నివారణోపాయమును కనుగొన్నవారు మనవారే యగుట గర్వకారణము. నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970వ దశకమున రూపొందించిన విధానమునకు నల్లగొండ పద్ధతి యని పేరు. దానికి కావలసినవి పటిక, సున్నము, బ్లీచింగు పొడి. ఇవి యన్నియు మన బజారులలో దొరకునవే. వీనిని నీటిలో కలిపి మెల్లగా త్రిప్పినచో పటికనుండి తెల్లని తెట్టె ఏర్పడి, ఫ్లోరైడును తనతో పట్టుకొని అడుగునకు దిగును. పైతేట నీటిని వంచుకొని వడగట్టవలెను. గృహిణి బిందె యడుగునకు కొంచెము పైగా కుళాయి నమర్చుకొని యింటనే చేసికొనవచ్చును. పరదేశపు యంత్రముతో పనిలేదు, విద్యుచ్ఛక్తితో పనిలేదు.

అయినను ఇట్టి విద్య పల్లెలలో వేరూనలేదు. కారణమేమి? పటిక మోతాదు అన్ని బావులకును ఒక్కటి కాదు. అది నీటిలోని ఫ్లోరైడును బట్టియు, క్షారమును బట్టియు మారును. మోతాదు తగ్గినచో ఫ్లోరైడు మిగులును. తప్పినచో అల్యూమినియము నీటిలో నిలుచును. అడుగున చేరిన మడ్డిని ఎచ్చట పారవేయవలెనో కూడ నియమ ముండవలెను. కావున కొలుచువాడు లేనిదే ఈ విద్య నిష్ఫలము. ప్రారంభోత్సవములకు ముఖ్యులు వత్తురు. మరునాడు నీటిని పరీక్షించుట కెవ్వరును రారు. శాస్త్రము ఓడిపోలేదు, మన శ్రద్ధయే లోపించినది.

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకముచే కృష్ణాజలములు నల్లగొండ పల్లెలకు చేరినవి కదా, ఇంక బోరు నీటిని గూర్చిన చింత యేల యని కొందరనవచ్చును. ఆ కార్యమును మేము మనసార హర్షించుచున్నాము. కాని గొట్టము పగిలిననాడు, సరఫరా నిలిచిననాడు, పొలములో పనివేళ దప్పిగొన్ననాడు జనులు మరల బోరునే ఆశ్రయింతురు. పట్టణవాసులు తమ యిండ్లలో ఆర్.ఓ. యంత్రములున్నవని నిశ్చింతగా నుందురు. ఆ యంత్రము శుద్ధిచేసిన నీటితోపాటు ఉప్పుతోను ఫ్లోరైడుతోను చిక్కబడిన నీటిని బయటికి విడుచుచునే యుండును. అది మరల భూమిలోనికే యింకినచో మనము దోషమును తొలగించినవార మగుదుమా, పొరుగువానికి త్రోసినవార మగుదుమా?

కావున ప్రభుత్వమువారికిని పంచాయతీలకును మేము చేయు సూచన స్పష్టము. 2019లో కేంద్ర ప్రభుత్వ మారంభించిన జలజీవన మిషన్ నియమములు గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షయందు శిక్షణ నీయవలెనని చెప్పుచున్నవి. ఆ శిక్షణ కాగితములపై నిలిచిపోరాదు. వర్షములకు ముందొకమారు, తరువాత నొకమారు ప్రతి బావిని, ప్రతి బోరును పరీక్షింపవలెను. ఫలితమును పంచాయతీ గోడపైనను, ఆ బోరు చెంతను, పల్లెవారికి తెలియునట్లు పెద్ద తెలుగు అక్షరములలో వ్రాయింపవలెను. పరీక్షించిన స్త్రీలకు తగిన వేతన మీయవలెను. తన గ్రామపు నీటిలో ఏమున్నదో తెలిసికొనుట పౌరుని హక్కు. దానిని దాచుట ద్రోహము.

భూస్వాములగు మా పాఠకులకును ఒక మనవి. బోరును నానాటికి లోతు చేసికొనుచు, చెరువును పూడనిచ్చుట భావితరములకు అప్పు మిగిల్చుట వంటిది. చెరువు నిండి, వాననీరు భూమిలో నింకినచో బావులకు క్రొత్త నీరు చేరి దోషము పలుచబడును. కాకతీయుల నాటినుండి చెరువులు త్రవ్వించుట మన సీమలో మహాపుణ్యముగా నెన్నబడినది. నేడు పూడిక తీయించుటయు, నీటిని పరీక్షింపించుటయు ఆ పుణ్యమునకు సమానములే. తన బోరునీటి ఫలితమును ముందుగా గోడపై వ్రాయించిన భూస్వామి ఊరికి మేలుచేసినవా డగును. దప్పిగొన్నవానికి నీరిచ్చుట ధర్మమే. ఆ నీటిలో విషము లేదని తెలిసికొని యిచ్చుట అంతకంటె పరమధర్మము.